మూపురం లేని ఎద్దు

అడ్డాకుల దాటినంక, కొత్తకోట ఇంకా రాకముందు
రోడ్డుకు ఎడమచేతి దిక్కు
రేకుల షెడ్డు.
బోర్డు లేదు.
నేల మీది డీజిల్ మరకే దాని చిరునామా.

ఆడ నాకు పానా పట్టుడు నేర్పినోడు
వడ్ల మోనయ్య.
తాత కాడి చెక్కిండు, నాయిన బండి గీర చెక్కిండు,
ఈయన ట్రాక్టరు పొట్ట కోసి కుట్టేటోడు.

గోడకు ఒక కాగితం ఉండేది,
ఏదో లారీ క్లీనరు ఇడిచిపోయిన పుస్తకంల చింపింది:
పసుపుపచ్చ కారు,
ముక్కు మీద పొడవొస్తున్న ఎద్దు.
లంబోర్గిని అనుడు ఆయనకు రాలే.
లంబుగాని కారు అనేటోడు,
అది మోకాలెత్తు లేకున్నా.

పగటీలి సద్ది తినుకుంట అదే కత,
ఎన్నోసారో లెక్క లేదు:
"ఇటలీల ఒకడుండె, ఆశన్నా. రైతు కొడుకు.
యుద్ధమైనంక మిగిలిన మిలట్రీ ఇనుము ఏరి
ట్రాక్టర్లు కట్టిండు. పైసలైనయి.
షోకు కారొకటి కొన్నడు.
దాని క్లచ్చి ఊకె పోతుండె.
ఇప్పి చూస్తే తన ట్రాక్టరుల క్లచ్చే!
కారు చేసినోనికి పోయి చెప్తే
నీకేమెరుక, పోయి ట్రాక్టరు తోలుకో అన్నడంట.
అన్నడో లేదో. అంటరు.
గా మాటకే ఈ కారు పుట్టింది."

అని, ముద్ద ఆపి, బొమ్మ దిక్కు చూసి
ప్రతిసారీ ఒకటే తప్పు పట్టేటోడు:
"గని ఈ ఎద్దుకు మూపురం లేదురా.
కాడి ఏడ నిలుస్తది?"

అసొంటి మాట ఆయనకూ పడ్డది.
పాలమూరు షోరూముల, ఏసీ గాలిల,
పల్లికాయ పీకే మిషను పండ్లు
మా ఎర్రచెల్కల వంగిపోతున్నయని చెప్తే
ఇంజనీరు తలకాయ ఎత్తకనే అన్నడు:
"పెద్దాయనా, పోయి నాగలి చెక్కుకో."

ఆ పొద్దు బస్సుల మాట్లాడలే.
కొత్తకోటల దిగి చాయ గూడ తాగలే.
రాత్రి కరెంటు మూడు గంటలు.
ఆ మూడు గంటలల్ల
పాత లారీ కమాన్ పట్టీలు కోసి
ఇరవై ఒక్క పన్ను అతికిండు.
వెల్డింగు వెలుగుల ఆయన మొఖం
వచ్చుడు, పోవుడు, వచ్చుడు, పోవుడు.

పెబ్బేరు అవతల చేన్ల అది మొదటిసారి దిగినప్పుడు
పల్లిచెట్లు ఊడలు తెగకుంట లేచినయి,
నిద్రల ఉన్న పిల్లను ఎత్తుకున్నట్టు.

అటెన్క ఎన్ని మిషన్లు చేసినా
ఆఖర్న ఒక ఎద్దు బొమ్మ అతికేటోడు,
బొటనవేలంత.
మూపురంతోని.

ఒక ఆదివారం, ఎండ ముదరకముందు,
పట్నం నుంచి బెంగుళూరు దిక్కు ఉరికే కార్ల గుంపుల
ఒకటి తప్పి మా ముందట ఆగింది.
అదే పసుపు. అదే ముక్కు.
రోడ్డు దిగి మొరం మీదికి రావాలంటే కడుపు గీసుకుంటది.
మోనయ్య ట్రాలీ పలకలు తెచ్చి పరిచి
చూలు ఆవును నడిపించినట్టు నడిపించిండు.
మోకాళ్ల మీద వంగి, చెవి పెట్టి విన్నడు.
"దీని తాత ట్రాక్టరు బిడ్డా, ఎరుకేనా?"
పిలగాడు ఫోన్ల నుంచి కండ్లు తియ్యకనే నవ్విండు:
"జోక్ బాగుంది అంకుల్."
ఐదువందల నోటిచ్చిండు. మోనయ్య తీసుకున్నడు.
పలకల కిరాయి, అన్నడు నాతోని.

ఆయన పోయి ఆరేండ్లు.
ఆ మిషన్ను ఇప్పుడు ఎవలెవలో చేస్తున్నరు,
ఎర్ర రంగేసి, పేర్లు పెట్టి.
పండ్లు మాత్రం ఇరవై ఒక్కటే.
గోడ మీద సుద్దతోని రాసిన బాకీలు నేను తుడ్వలే:
మదనాపురం బుచ్చన్న, మూడొందల నలభై.
ఆత్మకూరు ఈదమ్మ, వానాకాలం ఇస్తనన్నది.
ఏ వానాకాలమో రాసి లేదు.

మొన్న ఒక పాతది రిపేరుకొచ్చింది.
తుప్పు గీకుతుంటే వేలికి తగిలింది.
కొమ్ములు పోయినయి, కాళ్లు అరిగినయి,
మూపురం ఉంది.
నా బొటనవేలు ఆడనే ఆగింది.

"అయిపాయెనా, ఆశన్నా?" అని కసిరిండు మిషను తెచ్చినాయన,
"చేన్ల పదును పోతుంది."