చెల్లుబాటు

గుణుపురం స్టేషను రోడ్డులో నాది రీచార్జి కొట్టు.
ఆరడుగుల వెడల్పు, ఒక ఫ్యాను, ఒక గళ్ల నోటుపుస్తకం.
ఒడియాలో అడిగితే ఒడియాలో, తెలుగులో అడిగితే తెలుగులో
ఊరి నంబర్లన్నీ నా నోట్లోనే తిరుగుతాయి.

మూడు నెలలకోసారి టుకునా వచ్చేవాడు,
బాబు గారి డ్రైవరు.
దిగేవాడు కాదు. ఇంజను గుర్రుమంటుండగానే
కిటికీలోంచి చీటీ ఒకటి, మడత పడని నోట్లు రెండు.
చిల్లర ఎప్పుడూ అడగలేదు.

బాబు ఎవరో ఇక్కడ పేరు చెప్పక్కర్లేదు.
వంశధార ఇసకంతా ఆయనదే.
ఇసక మీద పడే వెన్నెలకి కూడా
ఆయన మనుషులే చీటీలు రాస్తారని ఒక ముసలాడు అనేవాడు,
నవ్వుతూ కాదు.

ఇంటావిడ నంబరుకి ఏడాది ప్లాను.
ఈ నంబరుకి ఎనభైనాలుగు రోజులు.
పుస్తకంలో దాని పక్కన రాసుకున్నాను
‘బాబు గారి రెండోది’ అని.
నంబరు గురించే రాశాను.
అలా అని నాకు నేను చెప్పుకున్నాను.

ఒకసారి ఆ నంబరే నడిచొచ్చింది.
బ్లాకాఫీసులో కంప్యూటరు కొట్టే దమయంతి.
వేళ్ల కొసలకి స్టాంపు ప్యాడు ఊదారంగు,
గొడుగు అంచుల్నించి కొట్లోకి వాన.
పగిలిన గాజు మార్చమని ఫోను బల్ల మీద పెట్టింది.
ఎలా పగిలిందో నేనడగలేదు.
మణికట్టు మీద ఇంకేదో గాజు పగిలిన గీత ఉంది,
దాన్నీ అడగలేదు.
డబ్బులిచ్చి, మెట్టు దిగి, మళ్లీ తిరిగి
“ఇంకా ఎన్ని రోజులుందండీ?” అంది.
చూసి చెప్పాను, అరవై ఏడు.
“అమ్మో, అంతుందా!” అని నవ్వింది.
ఆ నవ్వు ప్లాను గురించే అనుకున్నాను.

అరవై అయిదు మిగిలుండగా
రైలు వంతెన కింద, ఇసక తవ్విన గోతిలో దొరికింది.
నీళ్లు మోకాటి లోతు.
మోకాటి లోతులో మునిగి చచ్చిపోయిందని
కాగితం మీద రాశారు.
మెడ చుట్టూ ఉన్న నల్లటి గీత గురించి
చేపలు పట్టే పిల్లలు రెండు రోజులు మాట్లాడారు.
మూడో రోజు వాళ్లకి కొత్త వలలొచ్చాయి.

ఠాణా నుంచి ఎస్సై వచ్చాడు.
మా దగ్గర ఎస్సైని చోటాబాబు అంటారు,
అందరూ బాబులే.
పుస్తకం తిరగేసి, ఒకచోట ఆగి, వేలు తడుపుకుని
ఆ పేజీ చింపాడు. నాలుగు మడతలు పెట్టి
జేబులో పాన్ పొట్లం పక్కన పెట్టుకున్నాడు.
అప్పుడడిగాడు,
“ఈ నంబరు నీకు తెలుసా?”
తెలీదన్నాను.
రెండు భాషల్లోనూ తెలీదన్నాను.

నెల తిరక్కుండానే టుకునా.
ఇంజను ఆపలేదు. కొత్త చీటీ, కొత్త నంబరు,
అదే ఎనభైనాలుగు.
“సర్వరు లేదు” అన్నాను.
ఉంది. పచ్చలైటు వాడికీ కనబడుతోంది.
వాడు నన్ను, నేను లైటుని, కాసేపు చూశాం.
నా బతుకులో నేను చేసిన ధైర్యం అంతే.
సాయంత్రానికి బస్టాండు దగ్గర కొట్లో వేయించేశాడని తెలిసింది.

పేజీ పోయింది గానీ పది అంకెలూ నోట్లోనే ఉన్నాయి,
పక్క పంటికింద రాయిలా.
షట్టరు దించే వేళ ఒక్కోసారి ఆ నంబరు కొడతాను.
ఒడియాలో ఒక ఆడగొంతు, ఎంతో మర్యాదగా,
ఆవిడ అందుబాటులో లేరని చెబుతుంది.

ఇవాళ్టికి ఇంకా పన్నెండు రోజులు చెల్లుతుంది.
ఆ పైన కొన్నాళ్లు ఊరుకుని
కంపెనీ ఆ నంబరు ఇంకెవరికో ఇచ్చేస్తుంది.
ఏ రాత్రో నేను కొడితే
ఎవరో పిల్ల ఎత్తుతుంది,
“హలో, ఎవరండీ?” అంటుంది.

నేనెవరో
నాకు రెండు భాషల్లోనూ తెలీదు.