కింద చుక్క

బ్రాడీపేట నాలుగో లైన్లో కరీముల్లా ఆర్ట్స్.
ఫ్లెక్సీలొచ్చి బోర్డులు పోయాక
నా కుంచెకి ఆటోల వీపులే మిగిలాయి.

ఆ ఎండాకాలం ఒక గుండు పిల్ల వచ్చింది.
నాగార్జున యూనివర్సిటీలో బౌద్ధం చదివే
వియత్నాం సన్యాసిని. పేరు లియెన్.
మేకవెంట్రుకల కుంచె ఉందా అంది
వచ్చీరాని తెలుగులో.
ఉడత తోకది ఉందమ్మా, సరిపెట్టుకో.

నేలమీద పాత పేపరు పరిచి
ఊపిరి బిగబట్టి
ఒక్క విసురులో రాసింది.
ఏబీసీడీలే,
కానీ ఒకదానికి గొడుగు, ఒకదానికి కొక్కెం,
ఇంకోదానికి పిల్లిమీసం.
చివరి అక్షరం తోక కాగితం దాటి
నా గచ్చుమీదకి పాకింది.

ఏంటమ్మా, సూత్రమా?
కాదు, పాట. మా ఊరి బస్సుల్లో రోజూ వేసేది.
చేపలు తోముతూ అమ్మ పాడేది.
ఈ బట్టలు కట్టాక నేను పాడకూడదు.
రాయొద్దని ఎవరూ అనలేదు.

పైగీత తీసేస్తే అమ్మ దయ్యమవుతుందట వాళ్ళ భాషలో,
తీసి కింద చుక్క పెడితే వరినారు.
నేనూ తగ్గలేదు:
మాకు దీర్ఘం ఎగిరిపోతే కాలం కలమవుతుంది తల్లీ,
ఒక్క వత్తు మర్చిపోయి
పళ్ళ డాక్టరు చేత తిట్లు తిన్నాను.

కాగితం ఆరుతుండగానే ఏసోబు దిగాడు,
కొత్త ఆటో, వెనకాల పాటముక్క కావాలని.
ఇదే వెయ్యి అన్నాడు.
అర్థం తెలుసురా?
తెలిసిన పాటలన్నీ నా ముందు ఆటోల మీదున్నాయి గదా భాయ్.

పసుపు ఎనామిల్ కలిపాను.
చూసి దించుతున్నాను, వంకర వంకరగా, జాగ్రత్తగా.
ఆఖరి మాట దగ్గర
మిర్చియార్డు వైపు గాలి మళ్ళింది.
తుమ్ము.
ఏదో అక్షరం కింద ఒక బొట్టు.

తుడవబోతే వద్దంది లియెన్.
చదివింది. మళ్ళీ చదివింది.
కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది.
ఏ మాట ఏమైందమ్మా?
చెప్పలేదు.
పరీక్షలయ్యాయి, వెళ్ళిపోయింది.

శంకర్‌విలాస్ దగ్గర ట్రాఫిక్‌లో
ఒక్కోసారి ఆ ఆటో నా బండి ముందు ఆగుతుంది.
రంగు వెలిసింది, గొడుగులు సగం రాలాయి,
చుక్క మాత్రం అలాగే ఉంది, మందంగా పడింది కదా.
రాగం తెలీని పాటని
నోట్లోనే ఏదో ఒకలా లాక్కుంటూ
ఆ చుక్కదాకా వెళ్ళి ఆగుతాను.

వెనక నించి ఒకటే హారన్లు.