బోస్నియా సాబ్

అవంతిపురం మార్కెట్ కాడ మూడో రాత్రి.
నా బండి నూట నలభయ్యోది.
ముందల ట్రాక్టర్లు, ఎనుక ట్రాక్టర్లు,
వడ్ల మీది పరదాల మీద మంచు.

రిటైర్డు ఎస్సై ఖాజా నసీరుద్దీన్‌ను
మా దిక్కు బోస్నియా సాబ్ అంటరు.
తొంభై ఏడుల నీలిటోపీ పెట్టుకొని
ఏడాది పోయొచ్చిండు గాడికి.
ఇప్పుడు మిల్లు గేటుకాడ కుర్చీ, చేతిల టార్చి.
బండ్ల వరుస చూస్తే ఆయనకు నిద్రరాదు.
ప్రతి ట్రాలీ మీద ఎలుగు కొట్టి అడుగుతడు:
"వడ్లేనా?"
వడ్లే సాబ్.

"గిట్లనే పోయినయంట,
ఆగస్టుల, నాలుగు దినాలు.
ట్రాలీలల్ల పరుపులు, కుట్టుమిషన్లు,
కుర్చీతోనే ఎత్తి కూసోబెట్టిన ముసల్ది.
రెండు లక్షల మంది.
నేను పోయేసరికి
మక్కచేన్లల్ల మనిషెత్తు ముండ్లపొదలు."

గెలుపేనా సాబ్ అది?

మడ్‌గార్డు మీది దుమ్ముల వేలితోని గీత గీసిండు.
"మూడేండ్లు ముట్టడిల మాడిన ఊరు గిక్కడ.
గీత ఇరిగిన పొద్దు ఆ ఊరికి దారి దొరికింది.
వాళ్ళనడుగు, గెలుపే.
డెబ్బై పాళ్ళు పట్టుకున్నోళ్ళ చేతిల
నెలన్నరల సగం మిగిలింది.
సగం కాంగనే సంతకానికొచ్చిన్రు.
సంతకాల గది చల్లగుంటదిరా,
అండ్ల డీజిల్ వాసన రాదు."

మాది ఎడమకాల్వ చివరి భూమి.
పైన ఎవడో తూము లేపితే
యాడ ఎవని మడి నెర్రెలిస్తదో
మాకొకరు చెప్పేదేముంది.

"పారొచ్చినోళ్ళల్ల కొందరిని
బస్సులెక్కించి దక్షిణానికి తోలిన్రు,
ఇంకో కొట్లాట మొలకెత్తే జాగకు,
స్కూలు గదులల్ల పండబెట్టిన్రు.
నాలుగేండ్లకు మళ్ళ మూటలు."

చాయ్ వచ్చింది. సగం నాకు పోసిండు.

నువ్వేదిక్కు సాబ్, గాడ?
శానసేపు మాట్లాడలే.
"నా పేరు ఇని ఒక ఇంట్ల కాఫీ పోసిన్రు,
ఒక ఇంట్ల తలుపేసుకున్నరు.
రెండిండ్లకూ పైకప్పు లేదు."

నాలుగు గొట్టంగ ముందటి బండి కదిలింది.
ఎనుకెనుక ఇంజన్లన్నీ లేచినయి,
నేల అదిరింది.
సాబ్ దిగ్గున నిలబడ్డడు.
చెయ్యి ఎవరినో ఆపబోయినట్టు లేచి,
మఫ్లర్ సర్దుకొని దిగింది.
మడ్‌గార్డు మీది గీత
ఆ అదురుకు కొంచెం కొంచెం చెరిగింది.

తేమ పదిహేడు దాటిందని
నా బండి పక్కకు పెట్టిచ్చిన్రు.