ఏడో కాలమ్

ఎన్నికల నోటిఫికేషన్ పడిన వారానికి
ఉదయగిరి స్టేషన్ గోడకి తుపాకులన్నీ చేరగిలబడతాయి
పెళ్ళిలో రెండో పంక్తి కోసం కూర్చున్న ముసలోళ్ళలాగ.
నేను రైటర్ని. నాకు అన్నీ నంబర్లే.

గంగినేని మాలకొండయ్య గోనెపట్టాలో తెచ్చింది మాత్రం
నిలబెడితే నా గడ్డం దాకా వచ్చింది.
ఎనిమిది పలకల గొట్టం,
మడమకి నెలవంకలా వంచిన ఇత్తడి,
పక్కన చిన్న ఇత్తడి మూత. తెరిస్తే
చిమిడిన కొవ్వు వాసన, ఒక వేరుశనగ గింజ.
"మిషన్ దొర పోతా పోతా మా ముత్తాతకిచ్చినాడంట,
గుర్రానికి గడ్డేసినందుకు."

పాత రిజిస్టర్లు తిరగేశాను.
ఏడో కాలమ్: తయారీదారు, ఊరు.
ఒక రైటరు 'తెలియదు' అన్నాడు.
ఒకాయన 'దొరలది'.
ఇంకొకాయన అడ్డంగా గీత గీసి టీకి పోయినట్టున్నాడు.

నెల్లూరు ఆర్మరర్ సాల్మన్ గారికి ఫోన్ చేశాను.
"తాళం మీద పేరుంది సార్."
"నమ్మబాక. తాళాలు కొని తెచ్చి బిగించేవాళ్ళు.
మూత మీద పేరు చూసి కుండ ఎవరిదో చెప్తావా?
గొట్టం పైపలక చూడు."

కిరసనాయిలు గుడ్డతో రుద్దుతూ కూర్చున్నాను,
లాకప్‌లో పేకాట కేసువాడు కూడా కమ్మీల్లోంచి తొంగి చూస్తుంటే.
ఒక జె లేచింది.
పక్కన ఒక చుక్క.
తర్వాతంతా తుప్పు మేసిన బీడు.

"కర్ర?"
"పులిచారలు సార్. తిప్పితే కదుల్తున్నాయి."
"అయితే అమెరికా. పెన్సిల్వేనియా వైపు కావచ్చు, రెండొందలేళ్ళ నాటిది.
జె అంటే జాన్ కావచ్చు, జేకబ్ కావచ్చు.
మా చర్చిలోనే పదిమందున్నారు, ఎవర్ని పట్టుకుంటావు?"

కర్ర సంగతి కర్రవాళ్ళనే అడుగుదామని
గరిటెలు చెక్కే దస్తగీరమ్మ పంచకి పోయాను.
ఆమె ఒళ్ళో పొట్టు దులుపుకుని
బొటనవేలు తడిచేసి కర్ర మీద రాసింది, వాసన చూసింది.
"మన దుర్గం కొండది కాదు నాయనా.
చలికి ముడుచుకొని పెరిగిన మాను.
యాడిదో పాపం."

వేలు కిందికి జారి
గొట్టం దాటాక సన్నబడే మెడ దగ్గర ఆగింది.
ఆగి, వెనక్కి పోయి, మళ్ళీ వచ్చింది.
"ఇది నర్ది."
"ఏంది?"
"ఈడ విరిగుండాది. నర్ది చెక్క అతికుండారు.
ఎడంచేతి ఉలి."
తుపాకి బోర్లా తిప్పింది. గుర్రం కింద
వడ్లగింజంత గాటు, దాని పక్కన ఇంకో గాటు.
లోపలికి పోయి నల్లబడిన గరిటె ఒకటి తెచ్చింది.
కాడ చివర అవే రెండు గాట్లు.
"మా తాత లాల్‌సాయిబు," అంది.
తుపాకిని ఇంకాసేపు ఒళ్ళోనే ఉంచుకుంది.
నేను అడగలేదు.

ఏడో కాలమ్ వెడల్పు రెండంగుళాలు.
చిన్నక్షరాలతో ఇరికించాను:
జె. ఎవరో, అమెరికా.
మెడ లాల్‌సాయిబు, ఉదయగిరి.
ఎస్సై చూసి, "ఒక తుపాకికి ఇద్దరేందయ్యా,
ఒకటి కొట్టెయ్," అన్నాడు.
పెన్ను తీసుకున్నాను. సిరా లేదన్నాను.

ఓట్ల లెక్క అయిపోయాక మాలకొండయ్య వచ్చి
సంతకం పెట్టి, గోనెపట్టా చుట్టుకుని
వింజమూరు బస్సెక్కాడు.
వేరుశనగ గింజని మూతలోనే ఉంచాను.
దానికి ఏ కాలమూ లేదు.