వల ముసలమ్మ

పోచమ్మమైదాన్ల సైకిల్ టాక్సీ ఎనుక
యాకూబలి దుకాణం.
తలుపు లేదు, గోనెపట్ట పర్ద.
పర్ద లేపితె బీడి వాసన, చెమట వాసన,
రెండు డబ్బాలు, ఇరవై మంది పోరగాండ్లు.

రూపాయికి ఒక పానం.

మొదటి బోర్డుల ఎనిమిది మంది.
పేర్లు ఇంగ్లీషుల ఉండె, మేం సదువలే.
ఎర్రపట్కోడు, గుండు పైల్వాన్, కొరడక్క:
మేమే పెట్టుకున్నం,
మా గల్లీలోళ్ళకు పెట్టినట్టె.
రెండో బోర్డుల గూడ వాళ్ళే.
అంగీల రంగు మారింది,
ఇంకో నలుగురు చుట్టాలొచ్చిండ్రు, అంతే.
ఎర్రపట్కోని మంటగుద్దు
నాకు కండ్లు మూసుకున్నా వచ్చేది:
కిందికి, పక్కకు, గుద్దు.
పదమూడో ఎక్కం రాకున్నా అది వచ్చేది.

తొంభైతొమ్మిది. శ్రావణం. ముసురు.
కాజీపేటల రైలు దిగి
మూడో బోర్డును తువ్వాలల చుట్టుకొని తెచ్చిండు యాకూబలి,
బాలింత బిడ్డను పట్టుకున్నట్టు.
స్క్రూలు బిగిచ్చిండు, ఊదుబత్తి ముట్టిచ్చిండు.
తెర ఎలిగింది.

ఎర్రపట్కోడు లేడు.

గుండు పైల్వాన్ లేడు. కొరడక్క లేదు.
వాళ్ళ జాగల ఎవలెవలో కూసున్నరు.
ఒంటినిండ అద్దాలతికిచ్చుకున్నోడు,
గెలిసినంక ఏడ్సేటోడు,
మూడుకాళ్ళ పీటను మోసుకతిరిగే పోరడు,
చేపలవల భుజానేసుకున్న ముసలమ్మ.
"గీ ముసల్ది కొట్లాడుతదానే?"
అన్నడు సిలివేరు భిక్షపతి.
నవ్వినం.
పైసలేసినంక నవ్వు రాలే.
ఏ మీట గుద్దినా ఏంగాలె.
చేతులకు తెల్సిందంత చెల్లని బిళ్ళయింది.

"పైసలు వెట్టి గిదేంది దెచ్చినవ్ భాయ్?"
"పాతోళ్ళను ఏడ దాసినవ్?"
యాకూబలి గడ్డం గోక్కున్నడు.
"మొదలు సలాం జేసిండ్రు,
రెండోసారి సోపతి జేసిండ్రు,
ఒక్కటే మొకాలు మళ్ళ మళ్ళ గీసుడు
చేసేటోళ్ళకే ఇసుగొచ్చిందేమొ బిడ్డా.
నాకేం తెలుసు, అప్పు దెచ్చిన."

దసరాకు ముందే దుకాణం పలుచనైంది.

మార్కండి ఒక్కడే వచ్చేది.
కొత్తవాడ, ఆడెపోళ్ళ పిలగాడు,
పొద్దంత అయ్యతోని జంపఖానల మగ్గం,
ఏళ్ళకు పోని నీలిరంగు.
ముసలమ్మనే పట్టుకునేది.
గుద్దకపోయేది.
నిలవడేది. మీదికొచ్చేటోన్ని రానిచ్చేది,
ఇంకింత రానిచ్చేది,
నాడె అటునుంచి ఇటు దాటినంత సేపు ఆగి
ఒక్కటే ఇసురు, వల.
తర్వాత గుంజుడే.
"నువ్వు గుద్దులు లెక్కవెడ్తున్నవ్," అన్నడు నాతోని,
"ఆమెకు సందులు గావాలె."

నేను మూడు రూపాయలు ఓడిపోయిన.
అండ్ల ఒకటి ఉప్పుకని అమ్మ ఇచ్చింది.

ఒకనాడు ఒక్క రూపాయి మీద
ఆఖరోని దాక పోయిండు.
అద్దాలోడు పగిలిండు.
ఏడ్సేటోడు ఓడిపోయి నవ్విండు,
అట్ల గూడ చేసిపెట్టిండ్రని అప్పుడే చూసినం.
ఆఖరోడు పడ్డడు.
తెర నల్లగైంది, నీళ్ళ సప్పుడు.
ముసలమ్మ ఒడ్డుకు కూసొని వల ఇప్పుతున్నది,
వలల ఏందో మెరుస్తున్నది,
మేం ముగ్గురం, యాకూబలి గూడ,
తలలు ముందుకు వెట్టినం

కరెంటు పోయింది.

వచ్చేసరికి రాత్రయింది.
తెర మీద అద్దాలోడు, పీట పోరడు
ఏం కానట్టు తన్నుకుంటున్నరు.
"బంగారు చేప," అన్నడు మార్కండి.
తెల్లారి అడిగితె, "కాదు, చిన్న పిల్ల," అన్నడు.

నెల తిరగకుండ రెండో బోర్డు మళ్ళెక్కింది.
పోరగాండ్లు మళ్ళొచ్చిండ్రు. నేను గూడ.
మూడోది తువ్వాలల్నే ఉండె, గల్ల కింద,
ఎవలన్న అడుగుతరేమొ అని.

ఆ యేడు మార్కండి ఒక జంపఖాన నేసిండు,
అంచు పొడుగూత వలకండ్లు.
ఎవలు గొంటరని అయ్య తిట్టిండు.
నిజమే, ఎవలు గొనలే.
అది యాకూబలి బల్ల మీదికొచ్చింది.

దాని మీద కూసొనే మేం
ఎర్రపట్కోన్ని ఆడించినం.