కింద ఏటి పరిసినావు

తెల్లారి అయిదుంపావుకి
గౌరునాయుడు ఫ్లాస్కు తెస్తాడు.
కబేళా నుంచి నాలుగు మేక అండాశయాలు,
గోరువెచ్చని ఉప్పునీళ్లలో, రేగుపళ్లంత.
"మూడే మంచివి మేడమ్, ఒకటి ఎండిపోనాది."
సంతకం పెట్టి తీసుకుంటాను.

సూదితో పొడిస్తే
గుడ్డు చుట్టూ కాపలా కాసే కణాలు
బియ్యం కడిగిన నీళ్లలా మసకగా దిగుతాయి.
సగం ఉత్త గాజు మీదికి.
సగం, నిన్ననే పరిచిపెట్టిన అల్లిక మీదికి:
కొల్లాజెన్, లామినిన్, ఫైబ్రోనెక్టిన్.
పేర్లు ఇంతింత. చూస్తే ఏమీ లేదు.
ప్లేటు వంచితే మాత్రం
గంజి పెట్టిన చీర మడతలా ఒక మెరుపు.

రెండు రోజులకి
గాజు మీదివి బల్లపరుపుగా సాగిలపడ్డాయి,
జగదాంబ దగ్గర ఆఖరి బస్సు తప్పినవాళ్లలా
ఎవరికి వారే.
అల్లిక మీదివి గుండ్రంగా, గుంపుగా,
ఒకదాని భుజం ఒకటి పట్టుకుని.

పోర్టు గూడ్సుబండ్ల అదురు తగ్గాక,
ఏసీ ఆపి, ఊపిరి బిగబట్టి
గాజుసూది మొన కణానికి ఆనించాను.
గొట్టంలోంచి నోటితో కొంచెం పీల్చాను.
అతుక్కుంది.
తెర మీద గీత గీతగానే ఉంది, చాలాసేపు.
తర్వాత ఒక్క మెట్టు ఎక్కింది.
పొటాషియం బయటికి నడిచే తలుపు
తెరుచుకుంది, మూసుకుంది.

గాజు మీది కణంలో ఆ తలుపు
ఎప్పుడో ఒకసారి, విసుగ్గా.
అల్లిక మీది కణంలో
పెళ్లింటి వాకిలి.
అదే మేక. అదే ఉప్పు. అదే వోల్టేజీ.
నోటుబుక్కులో రాశాను: ఆరు కణాలు. చాలవు.

నడుచుకుంటూ లాసన్స్ బే దాకా దిగాను.
అలకి దగ్గర, తడి ఇసుకలో
పీత తవ్విన బొరియ నిలబడింది.
నాలుగడుగులు పైన, పొడి ఇసుకలో
తవ్వినకొద్దీ కూలిపోతోంది.
పీతలో తేడా ఏమీ లేదు.

నాకు ఎడమవైపు కుట్టుంది.
కేజీహెచ్‌లో, పోయిన ఆషాఢంలో, తిత్తితో పాటు తీసేశారు.
రెండోది సరిపోతుందన్నారు.
మచ్చ కూడా అల్లికేనట, కాకపోతే ముతకది.
అక్కడి తలుపులు ఎవరి మాట వింటాయో
ఏ సూదీ పెట్టి చూడలేదు.

మర్నాడు సాయంత్రం
ల్యాబు ఊడ్చే నూకరత్నంతో అన్నాను,
సగం కణాలు పలకడం లేదని.
చీపురు ఆపింది.
"కింద ఏటి పరిసినావు?
పచ్చి సేప నేల మీదేస్తే ఒక తీరున ఎండతాది,
వల మీదేస్తే ఇంకో తీరు.
మా జాలారిపేటలో సంటిపిల్లనడుగు."

మూడేళ్ల ఫెలోషిప్పు నాది.
నవ్వి, గాజుబిళ్లలు వరస పెట్టాను, పన్నెండు.
ఆరింటికి అల్లిక పరిచాను.
ఆరు ఉత్తవి. పోల్చడానికి ఉండాలి కదా అన్నాను.

లైటు తీస్తూ, గుమ్మంలో నిలబడి
నూకరత్నం అడిగింది:
"ఆ ఆరూ ఏటి పాపం సేసినాయమ్మా?"