రసమట్టం

రంగైలుండ రన్‌వే మీంచి ముందు ఆవుల్ని తోలాలి.
గోబర్ధన సాహు జీపెక్కి హారన్ కొడుతూ తోలతాడు.
ఆ తర్వాతే మా రెండు సీట్ల విమానం.

బలియారసింహులు మాస్టారు మొహం చూడరు, ముక్కు చూస్తారు.
"తుమ్మినావా?"
లేదు సార్, అన్నాను.
అల్లం కషాయం వాసన నా అబద్ధం కంటే ముందే చేరింది ఆయన్ని.
"ఎల్లిపో. సెవికీ గొంతుకీ మజ్జిన సన్న సందుంటాది.
అది పూడుకుపోయిందంటే, పైకెల్లడం ఎల్తావు,
దిగినప్పుడు సెవిలో దబ్బనం దిగుతాది."
నాలుగు రోజులు పఖాళ మానేసి
దుప్పటి ముసుగులో పడుకున్నాను బరంపురంలో.

ఐదో రోజు ఎక్కించుకున్నారు.
కేరాండిమాల్ కొండ రెక్క కింద తడిసిన గోనెసంచి.
"కళ్లు మూసుకో. ఎటు తిరుగుతున్నామో సెప్పు."
కుడికి.
కాసేపయ్యాక, తిన్నగా పోతున్నాం సార్.
"అలాగా."
ఇంకాసేపటికి, ఎడమకి. గట్టిగా ఎడమకి.
"ఇప్పుడు తెరు."
గాజు వెనక బొమ్మ విమానం
తూకం కుదిరిన తక్కెడలా నిలబడి ఉంది.
తిన్నగా అన్నప్పుడు కుడికే తిరుగుతున్నామట,
ఎడమకి అన్నప్పుడు తిన్నగా ఉన్నామట.

తాపీమేస్త్రి రసమట్టం లాంటిదే
చెవి లోపల, మూడు వంపుల గొట్టాల్లో నీళ్లు.
తిరుగుడు మొదలవగానే నీళ్లు వెనకబడతాయి, అప్పుడు తెలుస్తుంది.
తిరుగుతూనే ఉంటే నీళ్లూ అలవాటు పడతాయి.
అలవాటైనదాన్నే తిన్నన అంటుంది ఒళ్లు.

ఇది మా నాన్నకి చెప్పకూడదు.
గుంటమగ్గంలో కాళ్లు దించి నలభై ఏళ్లు
కళ్లు మూసుకుని కుంభం అంచు నేసినవాడు.
పోగు తెగితే బొటనవేలితో వింటాడు.
"సూపు మోసం చేస్తాది, ఒల్లు చెయ్యదు" అనేవాడు.
రెండో మగ్గం అమ్మి నా ఫీజు కట్టినప్పుడు ఏమీ అనలేదు.
ఆ నెల నుంచి అనడమే లేదు, ఏదీ.

మాస్టారు ఎయిర్‌ఫోర్సులో ఉండగా
గాలి పలచన చేసే గదిలో కూచోబెట్టి
వందలోంచి ఏడేసి తీసెయ్యమన్నారట.
"ఎంత హాయనుకున్నావు! అన్నీ రైటే అనుకున్నాను.
మాస్కు పెట్టినాక సూస్తే
తొంభై మూడు, తొంభై మూడు, తొంభై మూడు,
దాని కింద మా మరదలి పేరు."
నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.
"బాదుంటే బతుకుతావు. ఊరికే హాయొచ్చిందా, కిందకి దిగిపో."

ఒక్కర్తినీ వెళ్లిన రోజు
గోపాలపూర్ దాటగానే సముద్రమూ ఆకాశమూ
ఒకే గంజిలో ముంచిన పంచె. అంచు లేదు.
నడుం అంది: వాలిపోతున్నావు, సర్దుకో.
బొమ్మ విమానం అంది: లేదు.
నడుం నాన్న ఇచ్చింది.
ఆ బొమ్మ ఎవరు చేశారో, ఏ దేశంలోనో.
బొమ్మ మాట విన్నాను.
విన్నంతసేపూ పక్కకి పడిపోతూనే ఉన్నాను,
రెక్కలు సమంగా ఉండగానే.
చెమట మెడ మీంచి మాత్రం తిన్నగా కారింది.
ఆ తర్వాత ఎక్కడో కింద, సన్నగా, హారన్.

ఆ రాత్రి కరెంటు పోయింది.
చీకట్లో కంటి నడిమధ్య గుడ్డిదట.
చుక్కని సూటిగా చూస్తే మాయమవుతుంది, కాస్త పక్కకి చూడాలి.
అరగంట ఓపిక పట్టాలి.
అగ్గిపుల్ల గీస్తే మళ్లీ మొదటికి.

మగ్గం గదిలో అరగంట నిలబడ్డాను.
నాన్న ఉంటాడనుకున్న చోటు కాదు,
గోడకి వేలాడుతున్న పాత పన్నె కేసి చూశాను.
అప్పుడు కనిపించాడు.
అమ్మేసిన మగ్గం తాలూకు గుంటలో కాళ్లు దించుకుని
లేని పలకలు తొక్కుతున్నాడు,
కుడి, ఎడమ, కుడి.

అగ్గిపెట్టె నా చేతిలోనే ఉంది.